మన పూలతోట: మందారానికి తెల్లదోమ పడితే

బస్తరులో చలి వెనుకపట్టి ఎండ ముదరనారంభించే మాఘ ఫాల్గుణ మాసాలలో మన క్వార్టర్ల ముంగిళ్లలోని మందారాలు కొత్త చిగుళ్లు వేస్తాయి. సరిగ్గా ఆ సమయానికే తెల్లదోమ కూడా తన కాపురాన్ని విస్తరించుకుంటుంది. కొమ్మను కదిపితే చాలు, చిటికెడు పిండి చల్లినట్లు తెల్లని పురుగులు లేచి, మరుక్షణంలో మళ్లీ ఆకుల అడుగున చేరుకుంటాయి. కిరండూల్, బచేలి కాలనీలలో ఆకుపై ఎర్రని ఖనిజధూళి పేరుకోవడం మనకు అలవాటైన దృశ్యమే. అందుచేత ఆకును తిప్పి అడుగుభాగాన్ని చూసేవారు అరుదు. ఎర్రదుమ్ముకు తోడు నల్లని మసి కూడా కనబడిన తరువాతనే చాలామంది కంగారుపడతారు.

పేరుకు దోమే గాని, ఇది దోమ జాతిది కాదు. మొక్క రసాన్ని పీల్చే పేనుబంకకు దగ్గరి చుట్టం. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. తల్లిపురుగు ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు కాస్త దూరం పాకి, అనువైన చోట ముక్కు గుచ్చి, అక్కడే పొలుసులా అంటుకుపోతుంది. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు రెక్కల పురుగుగా మారడానికి ఇంచుమించు మూడు వారాలు చాలు. పీల్చిన రసంలో మిగులు చక్కెరను తేనెవంటి జిగురుగా విసర్జిస్తుంది. ఆ జిగురుకు చీమలు చేరుతాయి, దానిపై మసి తెగులు పెరుగుతుంది. ఆ మసి ఆకును తినదు గాని, ఎండ సోకనివ్వదు. క్రమంగా ఆకులు పసుపుబారి రాలుతాయి, మొగ్గలు విచ్చకుండానే పడిపోతాయి.

మందారానికి బంధువర్గం పెద్దది. బెండ, గోంగూర, ప్రత్తి అన్నీ ఆ కుటుంబానివే. బెండ ఆకుల ఈనెలు పసుపుబారి కాయలు పాలిపోయే పల్లాకు తెగులును మొక్క నుండి మొక్కకు మోసుకుపోయేది ఈ తెల్లదోమలలోని ఒక జాతియే. కనుక ముంగిట మందారాన్ని అశ్రద్ధ చేస్తే పెరటిలోని బెండపాదుకు కూడా ముప్పు రావచ్చును.

ఇటువంటి వేళ చాలామంది చేతికి వెంటనే తగిలేది పురుగుమందు సీసా. ఆ సీసాను ముట్టకముందు, ప్రత్తి పొలాలలో ఈ పురుగు నేర్పిన పాఠాన్ని ఒకసారి తలచుకోవాలి. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి రైతులు కాయతొలుచు పురుగులను అరికట్టడానికి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే చల్లారు. ఆ మందులు తెల్లదోమను తిని బ్రతికే మేలైన పురుగులను హతమార్చాయి. తెల్లదోమ మాత్రం తట్టుకొని నిలిచి, అడ్డులేక విజృంభించింది. మందు పెంచినకొద్దీ పురుగు పెరిగింది, పురుగుతోపాటు అప్పు పెరిగింది. 1987-88 నాటికి పంట పోయి, అప్పుల భారం మోయలేక పలువురు రైతులు ప్రాణాలే తీసుకున్నారు. ఎకరాలకు ఎకరాలలో జరిగినదే మన పది కుండీలలోనూ చిన్నపాటిగా జరుగుతుంది. పైగా మన మందారాలు దేవుని పటానికి పోతాయి, ఆకులు తలంటుకు పోతాయి, పసిపిల్లలు పూలు కోసి నోట పెట్టుకుంటారు. పొలానికి తెచ్చిన మందును శీతలపానీయపు సీసాలో పోసి ఇంట దాచుకోవడం ఎంతటి అనర్థమో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి చేయవలసినదేమిటి? మొదటి మందు నీరే. రెండు మూడు రోజులకొకసారి ఉదయంపూట గొట్టంతో ఆకుల అడుగుభాగాన్ని గట్టిగా కడగాలి. దీనివల్ల పురుగు రాలడమే కాక ధూళి కూడా పోతుంది. ధూళి ఎక్కువైన ఆకులపై మేలైన పురుగులు సరిగా తిరుగాడలేవు. కనుక మన కాలనీలకు ఈ కడుగుడు మరింత అవసరం. బాగా పట్టిన ఆకులను త్రుంచి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఎండలో పడవేయాలి. కంచె అవతలికి విసరరాదు.

అప్పటికీ తగ్గకపోతే లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలిసేటందుకు కొద్దిగా మెత్తని ద్రవపు సబ్బు వేసి, బాగా కలిపి సాయంకాలం చల్లాలి. ముందుగా రెండు మూడు ఆకులపై చల్లి, ఒకరోజు ఆగి, ఆకు మాడలేదని నిర్ధారించుకోవాలి. గుడ్లు ఈ ద్రావణానికి సులభంగా లొంగవు. అందుచేత వారానికొకసారి చొప్పున కనీసం మూడుసార్లు చల్లాలి. ఒక్కసారి చల్లి, ఫలితం లేదని విడిచిపెట్టేవారే ఎక్కువ. పసుపు రంగు పూసిన డబ్బా మూతకు ఆముదమో గ్రీజో రాసి మొక్క ఎత్తున వ్రేలాడదీస్తే రెక్కల పురుగులు అంటుకుంటాయి. యూరియా మితిమీరి వేయరాదు. లేత ఆకు విస్తారమైతే పురుగుకు విందే.

మిత్రులను గుర్తించడం కూడా నేర్చుకోవాలి. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు మనవైపు పోరాడేవే. కంటికి కానరానంత చిన్న కందిరీగలు కొన్ని తెల్లదోమ పిల్లలలోనే గుడ్లు పెడతాయి. భూతద్దంతో చూస్తే, అవి బయటపడిన పొలుసుకు గుండ్రని రంధ్రం ఉంటుంది. తెల్లదోమే బయటపడి ఉంటే చీలిక కనిపిస్తుంది. గుండ్రని రంధ్రాలు ఎక్కువగా ఉంటే ఏ ద్రావణమూ చల్లక నీటితో సరిపెట్టుకోవడం మేలు.

ఇక కొత్త మొక్కల సంగతి. సెలవులకు వెళ్లి గోదావరి జిల్లాల నుండి, కడియం నర్సరీల నుండి మొక్కలు తెచ్చుకునే సరదా మనలో చాలామందికి ఉన్నది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కొబ్బరిపై బయటపడిన సర్పలాకార తెల్లదోమ అనతికాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరితోటలకూ వ్యాపించింది. దానిని కూడా అదుపులో పెట్టడానికి నిపుణులు ఎక్కువగా ఆశ్రయించినది రసాయనాలను కాదు, పైన చెప్పిన కందిరీగ జాతినే. అటువంటి పురుగులు దూరప్రయాణం చేసేది తమ రెక్కలమీద కంటె మనం మోసుకువచ్చే మొక్కలమీదనే. కాబట్టి ఏ కొత్త మొక్కనైనా రెండు మూడు వారాలు మిగిలినవాటికి దూరంగా ఉంచి, ఆకుల అడుగు పరిశీలించి, ఆ తరువాతనే వరుసలో చేర్చాలి. అనుమానం తీరకపోతే ఒక ఆకును సంచిలో భద్రపరచి జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాల వారికో, దంతేవాడ కృషి విజ్ఞాన కేంద్రం వారికో చూపవచ్చును.

చివరగా ఒక్క మాట. క్వార్టర్ల వరుసలో ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క కంచె మాత్రమే. ఒక ఇంట కడిగి, పక్క ఇంట వదిలేస్తే వారం తిరిగేసరికి పురుగు మళ్లీ ఇటే వస్తుంది. వరుసలోని ఇల్లాళ్లందరూ కూడబలుక్కొని ఒకే ఉదయం మొక్కలు కడగడం మొదలుపెడితే, వర్షాకాలం వచ్చి ఆ పనిని తాను అందుకునేవరకు మన మందారాలు నిశ్చింతగా పూస్తాయి. ఈ ఆదివారమే ఆరంభించగలరని ఆశిస్తున్నాము.