ఓర్పు ఎవరిది?

ఈ విద్యాసంవత్సరంలో మా తెలుగు విద్యార్థులతో ఒంటిమిట్టకు వెళ్ళాము. కోదండరామాలయం చూసిన పిదప, మహమ్మదీయుడైన ఇమాంబేగ్ తవ్వించినాడని చెప్పుకొనే బావి దగ్గర కొంతసేపు కూర్చున్నాము. అక్కడ ఒక విద్యార్థి తన ఫోనులో ఒక దృశ్యం చూపించాడు. ఒక స్త్రీ కుర్చీలో కదలక కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీలో ఎవరెవరో వచ్చి కూర్చుని, లేచి వెళ్తున్నారు. “ఊరక కూర్చోవడం కూడా కళేనా సార్?” అని అతని ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. ఆమె మరీనా అబ్రమోవిచ్. 2010లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో మొత్తం 700 గంటలకు పైగా అట్లా మౌనంగా కూర్చున్నది. అంతకు చాలాముందు, 1974లో, నేపుల్స్ నగరంలో 72 వస్తువులను బల్లపై ఉంచి, వాటిని తనపై ఎట్లైనా ప్రయోగించవచ్చునని చెప్పి, ఆరు గంటలపాటు ఎదురాడక నిలిచింది. మొదట పువ్వు అందించిన ఆ గుంపే తరువాత ఆమె దుస్తులను కోసింది. చివరకు తుపాకి కూడా గురిపెట్టింది. ఆనాడు పరీక్షకు నిలిచినది ఆమె దేహమా, చూడవచ్చినవారి హృదయమా?

ఇట్టి కళ మనకు కొత్తది కాదు. చిత్తూరు సీమలో భారత ఉత్సవాలలో ‘తపస్సు మాను’ ఎక్కే ఘట్టం కలదు. పాశుపతాస్త్రం కోసం తపస్సుకు వెళ్ళే అర్జునుని వేషధారి, పద్యాలు పాడుతూ ఎత్తైన మానును మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు క్రింద సాగిలపడి ఉంటారు. కొన్నేండ్ల క్రిందట మేము దానిని చూడబోయి, అరగంటకే ఎండకు తాళలేక గడియారం చూసుకున్నాము. ప్రక్కనున్న ముసలమ్మ మమ్ము గమనించి, “ఆయప్ప దిగేదాంకా మనం లేసిపోతే ఎట్ల నాయనా?” అన్నది. సిగ్గుపడి కూర్చున్నాము. ఆ తరువాతనే ఆ పద్యాలు మా చెవికెక్కినవి.

ఆమె మాటలోనే మా విద్యార్థికి సమాధానమున్నది. ఉర్దూలో సబర్ అన్నా, తెలుగులో ఓర్పు అన్నా, ఇట్టి కళలో అది ప్రదర్శకునిది సగమే. తక్కిన సగం ప్రేక్షకుడు తేవాలి. ఒంటిమిట్టలోనే దీనికి సాటియైన సంగతి ఒకటున్నది. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) టెంకాయ చిప్ప చేతబట్టి ఆలయోద్ధరణకై భిక్షమెత్తారు. ఆయన చేసినది ప్రదర్శన కాదు, నిజమే. అయినా చిప్ప పట్టినది ఆయన, నింపినది జనం.

ఇక మన సంగతి. కళాశాల వార్షికోత్సవాలలో, తెల్లవార్లు ఆడవలసిన తోలుబొమ్మలాటకు పావుగంట ఇవ్వడం, ఆ పావుగంటలోనూ కళాకారుని వైపు కన్నుగాక ఫోను ఎత్తడం ఆచారమైపోయినది. పావుగంటలో రాముడు అడవికైనా చేరడు. సన్మానపు శాలువ కప్పినంత మాత్రాన ఈ లోపం తీరదు. మనం అతనికి ఇవ్వక దాచుకున్నది కాలం.

పాలకవర్గంవారికి మా విన్నపం ఒక్కటే. సంవత్సరానికి ఒక రాత్రి, ఉపన్యాసాలు లేకుండా, ఒక బృందానికి పూర్తిగా ఇవ్వండి. ఎవరు కూర్చుంటారని అడుగవచ్చు. మొదట నూరుగురు వచ్చి తెల్లవారుజామున పదిమందే మిగలవచ్చు. ఆ పదిమందిలో మేమూ ఉంటాము. విద్యార్థులారా, మీలో ఎందరు?