తీతువు అరిస్తే ఎవరికి చేటు?

పిల్లలూ! రాత్రివేళ తీతువు ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఊళ్లో ఎవరో పోతారని పెద్దలు అనగా వినే ఉంటారు. ఆ భయంతో దానిని రాళ్లతో కొట్టేవారూ ఉన్నారు. ఇది వట్టి అన్యాయం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చెరువుల పక్కన, వేరుశనగ చేలల్లో తిరిగే పిట్టే ఇది. ముక్కు ఎరుపు, కాళ్లు పొడుగు, పసుపు. ఇది కాకిలాగా చెట్టుమీద గూడు కట్టదు. గులకరాళ్ల నేలమీద చిన్న గుంట చేసి, సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలు. పక్కనే నిలబడినా రాళ్లే అనుకుంటాం. పొదగడానికి సుమారు 4 వారాలు. అన్నాళ్లూ కుక్క, ముంగిస, కాకి, చివరకు మన కాళ్లు కూడా గండమే. చీల్చే గోళ్లు దానికి లేవు, ఉన్నది గొంతే. అందుకే ఎవరొచ్చినా తలమీద తిరుగుతూ అంత గోల! రాత్రిపూట కూడా మేత వెతికే పిట్ట కనుక రాత్రీ అరుస్తుంది.

మరి చావు మాటో? అరిచిన మర్నాడు ఎవరైనా పోతే గుర్తుంటుంది. ఏమీ జరగని రాత్రులు ఎవరికీ గుర్తుండవు. కావాలంటే ఒక నెలపాటు నోటుపుస్తకంలో రాసి చూడండి. చేలో అది మీమీద అరిస్తే మాత్రం కాళ్లదగ్గర చూసుకుంటూ వచ్చినదారినే వెనక్కి నడవండి. కాస్త దూరం పోయాక అరుపు దానంతటదే తగ్గుతుంది.