కడుపులో బ్యాటరీ

అలిపిరిలో గరుత్మంతుడి విగ్రహం దగ్గర నిలబడిన వాళ్లెవరైనా కొండకేసి చూస్తారు. మా మేనల్లుడు మాత్రం ఆవేళ తన సైకిలుకేసి చూసుకుంటున్నాడు. కొత్తగా కొన్న కరెంటు సైకిలు. దాన్ని నాకు చూపించడానికే తెల్లవారకముందే లేపి లాక్కొచ్చాడు. లావుపాటి టైర్లు, ముందువైపు స్ప్రింగుల ఫోర్కు, నిగనిగలాడే నల్ల రంగు. కొండలూ గుట్టలూ ఎక్కే జాతి సైకిలట.

"బ్యాటరీ యాడరా?" అన్నాను.

"యాడుండాదో నువ్వే కనుక్కో మామా, చూద్దాం" అని మురిసిపోయాడు.

చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. కనపడలేదు. చివరికి వాడే ఫ్రేము కింది గొట్టాన్ని వేలితో తట్టి, "ఇందులో ఉండాది. చూసేవాళ్లకి తెలీనే తెలీదు. అదే దీని గొప్ప" అన్నాడు.

అది చెడిపోతే ఎలా తీస్తార్రా అని అడగబోయాను. కొత్త బండి కొన్నవాడి దగ్గర అపశకునం మాటెందుకని నోరు మూసుకున్నాను. అడిగి ఉండాల్సింది.

రెండున్నరేళ్లు తిరిగేసరికి బ్యాటరీ నీరసించింది. మొదట్లో ఒక్క చార్జింగుతో చంద్రగిరి పోయి వచ్చి ఇంకా మిగిలేది. ఇప్పుడు కపిలతీర్థం దాటితే ఆయాసపడుతోంది. కొన్న షాపుకు తీసుకెళ్తే, బ్యాటరీ తీయాలంటే లోపలి వైర్లన్నీ విప్పాలి, అది మా చేత కాదు, సైకిలంతా కంపెనీకి పంపాలి అన్నారు. కంపెనీని అడిగితే ఆ మోడలు ఆపేశాం, ఆ గొట్టంలో పట్టే బ్యాటరీ ఇప్పుడు తయారు కావటం లేదు అన్నారు. టైర్లు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, మోటారు తిరుగుతోంది, ఫ్రేముకు గీత పడలేదు. అయినా సైకిలు చచ్చిపోయింది. ప్రస్తుతం అది మా అక్కయ్య ఇంటి మెట్లకింద ఉంది. దాని మీద తడి తువ్వాళ్లు ఆరేస్తున్నారు.

అందుచేత ఈ వ్యాసంలో న్యాయమూర్తిలా రెండు పక్షాలనూ సమానంగా చూస్తానని ఆశించకండి. కరెంటు సైకిలుకు బ్యాటరీ బయటే ఉండాలి. తాళంచెవి తిప్పితే చేతిలోకి రావాలి. నా పక్షం అదే.

మనం ఒకప్పుడు టార్చిలైట్లు వాడిన వాళ్లమే. బ్యాటరీలు చెమ్మగిల్లుతున్నాయంటే తీసి అవతల పెట్టేవాళ్లం. ఓపిక తగ్గిన వాటిని ఎండలో పెట్టి ఇంకో రెండు రాత్రులు లాగించిన పొదుపరులు మనలో ఎంతమంది లేరు! టార్చి తాతగారిది, బ్యాటరీలు మొన్న కొన్నవి. ముందు చచ్చేది విడిగా ఉండాలనే జ్ఞానం ఆ రేకు డబ్బాకు ఉంది. లిథియం బ్యాటరీ ఐదువందల నుంచి వెయ్యి నిండు చార్జింగుల దాకా ఓపిగ్గా పనిచేసి తర్వాత తగ్గుముఖం పడుతుంది. సైకిలు ఫ్రేము ఇరవయ్యేళ్లు ఉంటుంది. ఇరవయ్యేళ్ల దాని కడుపులో నాలుగేళ్ల దాన్ని పెట్టి కుట్టేస్తే, రెండింటి ఆయుష్షూ నాలుగేళ్లే!

అవతలి వాళ్ల మాటా చెప్పాలి. లోపల పెడితే బరువు కిందికి, మధ్యకు వస్తుంది, రాళ్ల దారిలో సైకిలు నిలకడగా పోతుంది అంటారు. నిజమే. రాయి తగలదు, కొమ్మ గీసుకోదు, గతుకుల్లో టకటకమని ఊగదు అంటారు. అదీ నిజమే. పైగా లోపలున్నవన్నీ ఒక్క రకం కావు. జర్మనీ బాష్ కంపెనీ 2017లో పవర్‌ట్యూబ్ అని గొట్టంలో ఇమిడే బ్యాటరీ తెచ్చింది. అది తాళం తీస్తే బయటికి వస్తుంది. అటువంటి వాటితో నాకు తగాదా తక్కువ. కాని మన బజారులో లోపలి బ్యాటరీని పొగిడే వాళ్లను నిలదీస్తే చివరికి తేలే కారణం ఒక్కటే. చూడ్డానికి బాగుంటుంది! బ్యాటరీ లేనట్టు కనపడుతుంది! కరెంటు సైకిలు కొనుక్కుని, కాళ్లతోనే తొక్కుతున్నట్టు నలుగురికీ కనపడాలన్న సరదాకు ఇంత ఖర్చా?

కొండ సైకిలన్నారు గనక కొండ లెక్కే వేద్దాం. అనుమతుల సంగతి పక్కన పెట్టండి. లెక్క మాత్రం చూడండి. అలిపిరి నుంచి తిరుమలకు ఎత్తు సుమారు ఏడువందల మీటర్లు. మనిషీ సైకిలూ కలిపి వంద కిలోలు. ఆ బరువును ఆ ఎత్తుకు లేపడానికే 190 వాట్ అవర్లు కావాలి. మోటారు వేడికీ రోడ్డు రాపిడికీ పోయేది కలిపితే మూడువందల దరిదాపుకు వస్తుంది. మన దగ్గర అమ్మే మామూలు సైకిళ్లలో ఉండే 36 వోల్టుల, 7.8 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 280. అంటే పెడలు తొక్కకుండా మోటారు మీదే భారం వేస్తే కొండపైకి చేరకముందే నిండు బ్యాటరీ ఖాళీ! మైదానంలో పాలు పోసేవాడికి ఒక బ్యాటరీ చాలు. కొండెక్కే వాడికే రెండోది సంచీలో ఉండాలి. అటువంటి సైకిలుకే బ్యాటరీని లోపల పెట్టి బిగించటం ఏం తెలివి?

"మరి అలిపిరి డిపో నుంచి తిరిగే కరెంటు బస్సులకు బ్యాటరీ ఊడదీస్తున్నారా?" అని మొన్న ఒకాయన నన్ను నిలదీశాడు. 2022 సెప్టెంబరులో మొదలైన ఆ బస్సుల్లో నేనూ ఎక్కాను. పొగ లేదు, రొద లేదు, హాయిగా ఉన్నాయి. కాని స్వామీ, బస్సుకు డిపో ఉంది, చార్జర్లున్నాయి, మెకానిక్కులున్నారు. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. మా మేనల్లుడికి ఉన్నది మూడో అంతస్తులో ఒక ప్లగ్గు.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో స్కూటరు బ్యాటరీని పడకగదిలో చార్జింగుకు పెట్టుకుని పడుకున్న ఇంట్లో అది పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. అదే నెలలో నిజామాబాదులో ఇంటి హాల్లో చార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. ఊడి వచ్చింది గనకనే కదా ఇంట్లోకి వచ్చింది అని లోపలి బ్యాటరీ వాళ్లు అంటారు. ఈ మాటను నవ్వి తోసెయ్యలేను. నా వాదనలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదొక్కటే.

కాని ఆలోచించండి. ఊడి రాని బ్యాటరీని ఎక్కడ చార్జి చేస్తారు? అపార్టుమెంటు కింద పార్కింగులో ప్లగ్గు ఉన్న అదృష్టవంతులు ఎందరు? మిగతావాళ్లు సైకిలంతా మోసుకొచ్చి హాల్లోనే పెడతారు. దాదాపు పాతిక కిలోల సైకిలు, వీధి తలుపుకు అడ్డంగా. అది అంటుకుంటే బయటికి పారిపోయే దారి కూడా ఉండదు. మూడు కిలోల బ్యాటరీ చేతికి వస్తే దాన్ని పిట్టగోడ పక్కన, సిమెంటు నేల మీద, నీడన, పగటిపూట, కంటి ఎదుట పెట్టుకోవచ్చు. ఆ పని చెయ్యకుండా మంచం పక్కన పెట్టుకోవటం మన తప్పు. ఆ తప్పు మానిపించాలంటే కొన్నప్పుడే షాపువాడు గట్టిగా చెప్పాలి. రంగులు చెప్పినంత ఓపిగ్గా చెప్పాలి.

మన ఊరి ఎండా వానా కూడా కాస్త లెక్కలోకి తీసుకోండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చెయ్యకూడదు. మే నెలలో మధ్యాహ్నమంతా ఎండలో నిలిపిన సైకిలు గొట్టం పట్టుకుని చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. బయటి బ్యాటరీ అయితే తీసి నీడకు తీసుకుపోతాం. ఇక వాన. 2021 నవంబరు 18ని తిరుపతి వాళ్లెవరూ మరిచిపోలేదు. కపిలతీర్థం జలపాతం ఉగ్రరూపం చూశాం. వీధులు వాగులయ్యాయి. బళ్లు నీళ్లలో మునిగాయి. అటువంటి రాత్రి సైకిలు మునిగితే మునగనీ, తుడుచుకుని నూనె పోసుకోవచ్చు. ఖరీదంతా ఉన్న బ్యాటరీని చంకన పెట్టుకుని మేడెక్కే వీలు ఉండాలా, వద్దా?

ఇదంతా నా ఒక్కడి చాదస్తం కాదు. యూరప్ దేశాలు 2023లో బ్యాటరీల మీద ఒక చట్టం చేశాయి. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే కరెంటు సైకిళ్ల బ్యాటరీని కంపెనీతో సంబంధం లేని మెకానిక్కు కూడా తీసి మార్చగలగాలి. బ్యాటరీయే కాదు, దాని లోపలి సెల్లులు కూడా! మన దేశంలో 2022 ఆగస్టులో వచ్చిన నిబంధనలు పాత బ్యాటరీలను వెనక్కు తీసుకునే బాధ్యతను తయారీదార్ల మీద పెట్టాయి. మంచిదే. కాని అసలు సైకిల్లోంచి బయటికే రాని దాన్ని వెనక్కు ఇవ్వడం ఎలాగ? అమరరాజా బ్యాటరీలు పుట్టిన కరకంబాడి మా పక్కనే. బ్యాటరీలు ఎరిగిన ఊరు మాది. కారు బ్యాటరీని రెండు బోల్టులు విప్పి పది నిమిషాల్లో మార్చే కుర్రాళ్లు వీధికొకడున్నాడు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్రాడి చేతులు కట్టేశారు.

పోయిన ఆదివారం మేనల్లుడు మళ్లీ సైకిలు కొంటానన్నాడు. ఈసారి నేనే వెంట వెళ్లాను. షాపాయన నున్నటి ఎర్ర సైకిలు ఒకటి ముందుకు తోసి, "బ్యాటరీ లోపలే ఉండాది సార్, బయటికి తెలీనే తెలీదు" అన్నాడు.

"తాళంచెవి యాడన్నా?" అని మావాడే అడిగాడు. నేను నోరు విప్పలేదు.

మూలనుంచి ఇంకోటి తీయించాం. గొట్టం మీద నీళ్ల సీసా అంత నల్ల డబ్బా. అందంగా లేదు. తాళం తిప్పి మూడుసార్లు ఊడదీసి, మూడుసార్లు తగిలించి చూసి, బేరం మొదలుపెట్టాం.