రిక్షాకు బజారులో చోటు లేదా?

పట్టణమున రద్దీ హెచ్చినప్పుడెల్ల మన పెద్దమనుష్యులకు మొదట కంటబడు దోషి రిక్షావాడు. ఒక్క మనిషిని మోసికొని వచ్చిన కారు అంగడి ముందర గంటసేపు నిలిచినను అది నాగరికత. ఇద్దరిని దించి వెంటనే వెడలిపోవు రిక్షా మాత్రము అడ్డంకి! ఈ న్యాయము మాకు బోధపడలేదు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినను, తోరణగల్లు మొదలగు గ్రామముల తెలుగువారికి బళ్ళారి బజారు బజారుగనే నిలిచినది. మూటాముల్లెతో రైలు దిగిన వృద్ధులను, స్త్రీలను ఇంతకాలము ఆ బజారునకు చేర్చినవారెవరో మరువదగదు.

“మనిషిని మనిషి మోయుట అమానుషము, అందుచేత తీసివేయుడు” అని కొందరందురు. చేతితో లాగు బండి విషయమున ఆ మాట సత్యమే. కాని తమిళనాడులో 1973లో ఆ బండ్లను మాన్పించినప్పుడు లాగువారికి సైకిలు రిక్షాల నిచ్చిరి. మాథెరానులో వానిని నిలుపుమని 2025లో ఆజ్ఞాపించిన సుప్రీంకోర్టు, ఆ కార్మికులకు బ్యాటరీ రిక్షాలను అద్దెకిచ్చు మార్గము చూడుమనియు చెప్పినది. చేతిలోని కూడు లాగికొని దానిని దయ యనుట దయ కాదు.

మరికొందరు “లైసెన్సుల సంఖ్యకు హద్దు పెట్టవలెను” అందురు. దస్త్రముల నడుమ వయస్సు గడపిన గుమాస్తాలము మేము. హద్దు పెట్టిన కాగితమునకు వెల ఎట్లు పుట్టునో మాకు తెలియును. ఢిల్లీలో 99,000 రిక్షాలకే లైసెన్సులని హద్దు పెట్టిరి. బండి గలవాడే తొక్కవలెననిరి. పట్టుకొన్న బండ్లను తుక్కు చేసిరి. బండ్లు తగ్గలేదు, బీదవాని భయము మాత్రము హెచ్చినది. 2010లో ఢిల్లీ హైకోర్టు ఈ నిబంధనలను కొట్టివేసినది; 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపినది.

పంజాబులోను 1975 నాటి చట్టము, తొక్కువాడే యజమాని కావలెనని శాసించినది. ఉద్దేశము మంచిదే, కాని బండి కొనుటకు వానికి పైక మెక్కడిది? 1980లో జస్టిస్ కృష్ణయ్యరుగారు ఆ చట్టమును కొట్టివేయక, బ్యాంకు అప్పుతో కార్మికుడే యజమాని యగు ఏర్పాటు చేయించిరి. శాసనమునకు చేయూత తోడైననే అది న్యాయమగును.

నిబంధనలే వలదని మేము చెప్పుట లేదు. బ్రేకు, దీపము లేని బండి వీథిలోనికి రాగూడదు. బ్యాటరీ రిక్షాకు నలుగురు ప్రయాణికులు, గంటకు 25 కిలోమీటర్ల వేగము అని కేంద్ర నియమములు హద్దు నిర్ణయించినవి, అది పాటింపబడవలెను. అయితే నిలుచుటకు స్టాండు, గోడమీద వ్రాసిన కిరాయి పట్టిక, బండి కొనుటకు సులభమైన అప్పు, ఈ మూడును ముందు కల్పించి పిమ్మట జరిమానా పుస్తకము తెరువవలెను. మన నగరములలో జరుగుచున్నది తలక్రిందులు.

సోదర సోదరీమణులారా! మన బిడ్డలు ఇప్పుడు కార్లలో తిరుగుచున్నారు; సంతోషమే. కాని వీథి కారుగలవాని పిత్రార్జితము కాదు. రేపు వార్డు సభలో “రిక్షాలను తొలగింపుడు” అను అర్జీపై సంతకము చేయుమని మీ యింటికి ఎవరైన వచ్చినచో, “వానిని ఎక్కడ నిలుపుదురో ముందు చెప్పుడు” అని అడుగుడు. బదులు వచ్చువరకు కలము మూసియుంచుడు.