బుద్ధుడు... బొజ్జన్నయ్యాడు!

జిల్లా పేరు మారాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. చీడికాడ, చోడవరం 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది అలాగే. ఊరి పేరు మారడానికి మాత్రం జనం నోళ్లు చాలు. నమ్మకపోతే అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని శంకరం వెళ్లి చూడండి.

పేరు వినగానే శివుడు గుర్తొస్తాడు కదూ! నిజానికి అది బౌద్ధ భిక్షువులు ఉండే 'సంఘారామం'. జనం నోట నలిగి నలిగి శంకరం అయిందంటారు చరిత్రకారులు. ఊరి దగ్గర రెండు కొండలున్నాయి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ. బుద్ధుడే బొజ్జన్న అయ్యాడట! పడమటిది లింగాలకొండ. దానిమీద రాతిలో తొలిచిన స్తూపాలు బారులు తీరి ఉంటాయి. బౌద్ధం మరుగున పడ్డాక వాటిని చూసినవాళ్లు శివలింగాలే అనుకున్నారు. కొండకు ఆ పేరే ఖాయమైంది.

1906-08 మధ్య అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో అసలు సంగతి బయటపడింది. స్తూపాలు, విహారంతోపాటు సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది.

అయినా పాత నమ్మకం ఓ పట్టాన పోలేదు. ఏటా కనుమ నాడు బొజ్జన్నకొండకు వచ్చే జనం, అక్కడి బొజ్జ విగ్రహం ఒకటి రాక్షసుడిదని రాళ్లు రువ్వేవారు. వారసత్వ సంపదను కాపాడేవాళ్లు నచ్చజెప్పాకే ఆ ఆచారం ఆగింది.

కథ మరిచి రాళ్లు వేసిన ఊరే, పేరులో మాత్రం బుద్ధుణ్ని భద్రంగా దాచుకుంది. మీ ఊరి గుట్టకూ చెరువుకూ ఆ పేరెలా వచ్చిందో తాతయ్యనో, నాయనమ్మనో అడిగారా? ఈ ఆదివారమే అడిగి రాసి పెట్టుకోండి.