బూడిద ఎవరు తీస్తున్నారు?

ఉగాది సంచికను పండగ కబుర్లతో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈసారి దాన్ని పక్కన పెడుతున్నాం. ఈ చలికాలం మన తెలుగు సంఘ సభ్యుల్లో ఒకరి ఇంట్లో పెల్లెట్ స్టవ్ వల్ల కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. బాలింత, పసిబిడ్డ, పురిటికని వచ్చిన అమ్మమ్మ తాతయ్యలు ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. అది ఎవరిల్లని ఆరా తీయడం, తప్పెవరిదో వాట్సాప్ గ్రూపుల్లో తేల్చడం దయచేసి ఇంతటితో ఆపండి. దానికి బదులు ఎవరింట్లో వాళ్లు ఈ ప్రశ్న వేసుకోండి: మన స్టవ్‌లో బూడిద ఎవరు తీస్తున్నారు, ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు, ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

హీటింగ్ ఆయిల్ బిల్లులు భరించలేక న్యూ హాంప్‌షైర్‌లోని నాషువా నుంచి మసాచుసెట్స్‌లోని వూస్టర్ దాకా మనవాళ్లు పెల్లెట్ స్టవ్‌లు పెట్టించుకున్నారు. యంత్రం మంచిదే. రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలు హాపర్ నుంచి ఆగర్ మర ద్వారా బర్న్ పాట్‌లో పడతాయి. పాట్ అడుగున ఉన్న చిల్లుల్లోంచి గాలి అంది, మంట చురుగ్గా మండుతుంది. ఒక బ్లోయర్ పొగను బయటికి తోస్తుంది, మరొకటి వేడిగాలిని గదిలోకి పంపుతుంది. కట్టెల పొయ్యి పొగగొట్టం వేడికి తనంతట తానే పొగను లాగుతుంది. ఇక్కడ ఆ పని ప్రధానంగా ఫ్యానుది. ఆ గాలి దారిలో ఎక్కడ బూడిద అడ్డం పడినా మంటకు గాలి చాలదు, గాలి చాలని మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. పైగా బ్లోయర్ దాటాక గొట్టంలో ఒత్తిడి గదిలోకంటే ఎక్కువ. అతుకుల్లో సందు ఉంటే ఆ వాయువు బయటికి పోయే బదులు మనవాళ్లు కూర్చున్న గదిలోకి వస్తుంది. కాబట్టి ఈ స్టవ్ విషయంలో శుభ్రత అంటే అద్దం తళతళలాడటం ఒక్కటే అనుకోకూడదు. మంటకు గాలి అందడం, పొగ బయటికి పోవడం, రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

"మేం ప్రీమియం పెల్లెట్లే కొంటాం, బూడిద రాదు" అనే మాట చాలామంది నోట వింటున్నాం. లెక్క చూడండి. ప్రీమియం గ్రేడు అంటే బూడిద బరువులో ఒక శాతం దాటకూడదని. బస్తా 40 పౌండ్లు, టన్నుకు 50 బస్తాలు, అంటే 2,000 పౌండ్లు. ఒక శాతం లెక్కన టన్నుకు 20 పౌండ్ల దాకా బూడిద. చలికాలంలో మూడు టన్నులు కాల్చే ఇంట్లో 60 పౌండ్లు. అందులో బరువైనది కింది పాన్‌లో పడుతుంది. పిండిలాంటి తేలిక బూడిద గాలితో పాటు ఎగిరి హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టాల మీద, లోపలి పలకల వెనుక, బ్లోయర్ రెక్కల మీద, వెంట్ పైపు మలుపుల్లో పేరుకుంటుంది. కళ్లకు కనిపించే పాన్ ఖాళీ చేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. గుళికల్లో మట్టి, ఇసుక కలిసి ఉంటే ఆ బూడిద వేడికి బెల్లం పాకంలా కరిగి, చల్లారాక గట్టి గడ్డ కడుతుంది. స్టవ్ వాళ్లు క్లింకర్ అనేది దీన్నే. అది బర్న్ పాట్ చిల్లుల్ని మూసేస్తుంది. సరైన మంట పొట్టిగా, పసుపు పచ్చగా, చలాకీగా ఉంటుంది. చిల్లులు మూసుకున్నప్పుడు మంట పొడవుగా, ముదురు నారింజ రంగులో, కొసన నల్లగా, నీరసంగా ఊగుతుంది. అద్దం మీద లేత బూడిద పొర పట్టడం మామూలే. గంటల్లోనే నల్లటి మసి పట్టిందంటే మాత్రం స్టవ్ ఆపేయాలి.

పని పెద్దదేమీ కాదు, క్రమం తప్పకూడదు, అంతే. స్టవ్‌ను దాని బటన్‌తోనే ఆపాలి, ప్లగ్ పీకకూడదు. ప్లగ్ పీకితే బ్లోయర్ కూడా ఆగి, పాట్‌లో మిగిలిన నిప్పు పొగ లోపలే తిరుగుతుంది. పూర్తిగా చల్లారాక బర్న్ పాట్ గీకి, ప్రతి చిల్లులోంచి వెలుతురు కనిపించేదాకా శుభ్రం చేయాలి. స్టవ్ రోజంతా మండే కాలంలో ఇది రోజూ చేయాల్సిన పని. వారానికోసారి పాన్ ఖాళీ చేసి, ఎక్స్‌చేంజర్ కడ్డీ ఉంటే నాలుగైదు సార్లు లాగి, లోపలి గోడల్ని బూడిద కోసమే చేసిన యాష్ వ్యాక్యూమ్‌తో పీల్చాలి. కార్పెట్ ఊడ్చే వ్యాక్యూమ్ వాడొద్దు. సన్నటి బూడిద దాని ఫిల్టర్ దాటి ఇల్లంతా పరుచుకుంటుంది. ఒక్క నిప్పు కణిక మిగిలినా వ్యాక్యూమే అంటుకుంటుంది. టన్ను కాల్చినప్పుడల్లా లోపలి పలకలు తీసి వాటి వెనుక దులపాలి. తలుపు గ్యాస్కెట్‌లో డాలర్ నోటు పెట్టి తలుపు మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే గ్యాస్కెట్ మార్చే సమయం వచ్చినట్టే. తీసిన బూడిదను గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో, ఇంటికి పది అడుగుల దూరంలో, డెక్ మీద కాకుండా నేల మీద ఉంచాలి. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. అట్టపెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో పోసి గరాజ్‌లో పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఈ రోజే మానుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాం. ఈ పనులన్నీ మనలో చాలా ఇళ్లలో ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. "ఆయన చూసుకుంటారు" అన్న మాటతో భార్యకు స్టవ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియకుండా పోతోంది. ఆయన వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళితే ఎప్పుడు తిరిగొస్తారో తెలియని రోజులివి. ఆ వారాలన్నీ స్టవ్ మండుతూనే ఉంటుంది, బర్న్ పాట్ మాత్రం గీకేవాళ్లుండరు. ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఎవరు? అమ్మానాన్నలు, పసిపిల్లలు, నిండు గర్భిణులు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుండె జబ్బు, రక్తహీనత ఉన్నవాళ్లకు, పసివాళ్లకు, కడుపులోని బిడ్డకు దానితో ప్రమాదం మరీ ఎక్కువ. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, అయోమయం దాని లక్షణాలు. ఇండియా నుంచి చలికాలంలో వచ్చిన అమ్మ తల పట్టుకుని కూర్చుంటే మనం ఏమంటాం? జెట్‌లాగ్ అంటాం, చలి పడలేదంటాం, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతాం. విజిటర్ ఇన్సూరెన్స్ ఏది కవర్ చేస్తుందో అన్న బెంగతో డాక్టరు దాకా వెళ్లడానికి వాళ్లే వద్దంటారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్లగానే తేలికపడితే అది జెట్‌లాగ్ అనుకోకండి. అందరూ వెంటనే బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

అలారం విషయంలో మన ఇళ్లకు మరో చిక్కు ఉంది. ఎండుమిరపకాయల పోపుకి స్మోక్ అలారం మోగడం, కిటికీ తెరిచి టవల్‌తో విసరడం మనకు అలవాటైపోయింది. పగలు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు ఏ అలారం మోగినా పోపు ఘాటే గుర్తుకొస్తుంది, బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టేస్తారు. వాళ్లకు ఒక్క తేడా నేర్పండి: మూడేసి కూతలు పొగకు, నాలుగేసి కూతలు కార్బన్ మోనాక్సైడ్‌కు. నాలుగు కూతలు వినిపిస్తే కిటికీలతో పని లేదు, శాలువా కప్పుకుని బిడ్డతో సహా గుమ్మం దాటాలి. ఇంకొకటి కూడా చెప్పాలి. బిగుతుగా కట్టిన ఇంట్లో వంటింటి హుడ్‌ను హైలో పెడితే అది ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంది, స్టవ్‌కు అందాల్సిన గాలి తగ్గుతుంది. బయటి గాలిని నేరుగా స్టవ్‌కు అందించే గొట్టం పెట్టించుకోవడం మన వంటిళ్లకు అవసరమే. గుళికలు నిల్వలో ఉన్నా కొద్దికొద్దిగా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. గాలి ఆడని బేస్‌మెంట్‌లో టన్నుల కొద్దీ పేర్చి, పక్క గదిలో అమ్మానాన్నలకు మంచం వేయకండి.

"ముసలివాళ్లను ఎందుకు భయపెట్టాలి?" అని కొందరు అడుగుతున్నారు. వాళ్లు కట్టెల పొయ్యి మీద, కుంపటి మీద, కిరోసిన్ స్టవ్ మీద వండి మనల్ని పెంచారు. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీయాలని మనకు నేర్పింది వాళ్లే. నిప్పుతో జీవితమంతా గడిపినవాళ్లకు ఈ నాలుగు మాటలు అర్థం కావనుకోవడం వాళ్లను తక్కువ చేయడమే. బూడిద పాన్ ఎత్తే బరువు వాళ్ల మీద వేయొద్దు, ఆ పని మనది. మంట రంగు చూసి ఏదో తేడాగా ఉందని చెప్పగలిగే జ్ఞానం మాత్రం వాళ్లకు ఇవ్వాలి.

"స్టవ్‌లో సేఫ్టీ స్విచ్‌లు ఉన్నాయి కదా?" ఉన్నాయి. గాలి లాగుడు తగ్గితే ప్రెషర్ స్విచ్ గుళికల్ని ఆపేస్తుంది. ఆ స్విచ్ కొలిచేది ఒత్తిడినే, గదిలోని వాయువును కాదు. దానికి వెళ్లే సన్నటి గొట్టం కూడా బూడిదతో పూడుకుపోతుంది. స్టవ్ మాటిమాటికీ ఆగిపోతోందని వీడియో చూసి ఆ స్విచ్‌కు జంపర్ వైరు వేసినవాళ్లు మనలో ఉంటే, ఈ వాక్యం చదవడం ఆపి ముందు ఆ వైరు తీసేయండి. "ఏడాదికోసారి టెక్నీషియన్ వస్తాడు కదా?" రావాలి. పొగగొట్టాలు, వెంట్‌లు ఏడాదికి ఒక్కసారైనా తనిఖీ చేయించాలని అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. కానీ బర్న్ పాట్ ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుపోతుంది, అది టెక్నీషియన్ వచ్చేదాకా ఆగదు. "అలారం ఉంది కదా?" అమెరికాలో అమ్మే అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు మోగితే ప్రమాణానికి సరిపోయినట్టే. అది చివరి కాపలా, మొదటిది శుభ్రతే. అలారం వెనుక ముద్రించిన తేదీ చూడండి. దాని ఆయుష్షు మోడల్‌ను బట్టి ఐదు నుంచి పదేళ్లు. "ఇంత తంటా ఎందుకు, హీట్ పంప్ పెట్టించుకుంటే పోదా?" వీలున్నవాళ్లు తప్పకుండా ఆలోచించండి, మాకేం అభ్యంతరం లేదు. స్టవ్ ఇంట్లో ఉన్నంతకాలం మాత్రం దాని బాధ్యత మనదే.

ఈ భయం లేనిపోనిది కాదు. మంటలతో సంబంధం లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదాల్లో అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని, లక్ష మందికి పైగా ఎమర్జెన్సీకి వెళుతున్నారని సీడీసీ చెబుతోంది. మసాచుసెట్స్‌లో ప్లిమత్ ఊళ్లో 2005 జనవరి మంచు తుఫానప్పుడు ఇంటి హీటింగ్ వెంట్‌కు మంచు అడ్డం పడి ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ పాప పేరుతో వచ్చిన నికోల్ చట్టం 2006 మార్చి 31 నుంచి ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారాలను తప్పనిసరి చేసింది. మన పెల్లెట్ స్టవ్ గొట్టం కూడా చాలా ఇళ్లలో పక్కగోడ నుంచే బయటికి వస్తుంది. మంచు పడ్డ రోజు డ్రైవ్‌వే కంటే ముందు ఆ గొట్టం చుట్టూ పార వేయండి.

ఉగాదికి ఇల్లు దులిపి కడగడం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఏడు ఆ జాబితాలో స్టవ్‌ను కూడా చేర్చండి. చలి పూర్తిగా తగ్గాక హాపర్‌లోని గుళికలన్నీ అయిపోయేదాకా కాల్చేయండి. మిగిలితే వేసవి తేమకు ఉబ్బి, పొట్టయి, ఆగర్‌ను పట్టేస్తాయి. లోపల వదిలేసిన బూడిద తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. వెంట్ పైపు శుభ్రం చేయించడానికి టెక్నీషియన్‌ను ఇప్పుడే పిలవండి, అక్టోబరు వచ్చాక వాళ్లు దొరకడం కష్టం.

కొన్ని మనవులు. ఈ సంచిక మధ్య పేజీలో నాలుగు కూతల సంగతి, ఇంటి అడ్రసు రాసుకునే ఖాళీ, 911కి చెప్పాల్సిన రెండు ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో వేశాం. కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించండి. ఉగాది సభలో పచ్చడి పంచే బల్ల పక్కనే రెండు రకాల అలారాలు మోగించి వినిపిస్తాం, పెద్దవాళ్లను తప్పక తీసుకురండి.

చివరిగా ఒక్క విన్నపం. ఈ ఆదివారం స్టవ్ చల్లారాక ఇంట్లో అందరినీ దాని ముందు కూర్చోబెట్టి, బర్న్ పాట్ బయటికి తీసి చూపించండి. శుభ్రం చేసే బాధ్యత కనీసం ఇద్దరికి అప్పగించండి. ఆపే బటన్ ఎక్కడుందో పెద్దవాళ్లతోనే నొక్కించి చూపించండి. అరగంట పని. వచ్చే చలికాలం మీ ఇంట్లో ఎవరు ఉన్నా, ఎవరు ఊళ్లో లేకపోయినా, ఆ అరగంట వాళ్లందరికీ రక్షణగా ఉంటుంది.

సంపాదక వర్గం