బట్టీ పట్టిన ఇంగ్లిష్‌కి కాలం చెల్లింది

తగరపువలస నుంచి రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్తున్న ఫైనలియర్ విద్యార్థి మీరైతే, ఈ మధ్య మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వార్తల్లో తరచూ వినే ఉంటారు. కాపులుప్పాడలో కాగ్నిజెంట్ క్యాంపస్‌కి 2025 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, ఎనిమిది వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. గూగుల్ డేటా సెంటర్ కోసం ఎంపికైన ప్రాంతాల్లో ఆనందపురం మండలం తర్లువాడ కూడా ఉంది. ఉద్యోగాలు మన గుమ్మం దాకా వస్తున్నాయి, సంతోషమే. కానీ గుమ్మం దగ్గరే ఒక పరీక్ష ఉంది. అదే ఇంగ్లిష్ స్పీకింగ్ టెస్ట్.

నా సంగతే చెబుతాను. ఫైనలియర్‌లో ఒక కంపెనీ డ్రైవ్‌కి వెళ్లి కోడింగ్ రౌండ్ దాటేశాను. తర్వాత స్పీకింగ్ టెస్ట్ అన్నారు. వారం రోజులు సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టి ఉన్నాను కాబట్టి ధైర్యంగా కూర్చున్నా. కంప్యూటర్ ఆ ప్రశ్నే అడగలేదు! హెడ్‌ఫోన్స్‌లో ఒక వాక్యం వినిపించి, అలాగే తిరిగి చెప్పమంది. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయా. లిస్టులో నా పేరు రాలేదు.

పరీక్షలే మారుతున్నాయి

అప్పుడు అది నా దురదృష్టం అనుకున్నా. ఇప్పుడు చూస్తే పరీక్షలన్నీ అటే నడుస్తున్నాయి. క్యాంపస్ డ్రైవ్‌లలో వాడే వెర్సాంట్ లాంటి టెస్టుల్లో వాక్యం విని తిరిగి చెప్పాలి, చిన్న కథ విని సొంత మాటల్లో చెప్పాలి. విదేశీ చదువులకు రాసే పీటీఈలో 2025 ఆగస్టు నుంచి రెండు కొత్త స్పీకింగ్ టాస్కులు చేరాయి. ఒకదానిలో కొందరి చర్చ విని సారాంశం చెప్పాలి, రెండోదానిలో ఒక సందర్భం ఇస్తే దానికి తగ్గట్టు మాట్లాడాలి. టోఫెల్ కూడా 2026 జనవరి 21 నుంచి కొత్త రూపంలోకి వచ్చింది. ఇందులో స్పీకింగ్ అంటే వాక్యాలు విని తిరిగి చెప్పడం, ఆ తర్వాత ఇంటర్వ్యూ ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబివ్వడం.

వీటన్నిటి ఉద్దేశం ఒక్కటే. ఎక్కడో నేర్చుకొచ్చిన జవాబు కాదు, ఆ నిమిషంలో మీరు మాట్లాడే ఇంగ్లిష్ కావాలి. కోచింగ్ సెంటర్లు ఇచ్చే టెంప్లేట్లకు విలువ తగ్గుతోంది. డబ్బు పెట్టి టెంప్లేట్ కొనలేని తెలుగు మీడియం విద్యార్థికి ఇది ఒక రకంగా మంచి వార్తే. కాకపోతే ప్రాక్టీస్ పద్ధతి మార్చుకోవాలి.

మనం చేసే తప్పులు

మొదటిది, తెలుగులో వాక్యం కట్టుకుని ఇంగ్లిష్‌లోకి మార్చడం. 'నేను నిన్న ఫ్రెండ్స్‌తో భీమిలి బీచ్‌కి వెళ్లాను' అంటాం. మనకు క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో 'ఐ' తర్వాత వెంటనే 'వెంట్' రావాలి. అందుకే మొదటి మాట దగ్గరే తడబడి ఆగిపోతాం. పీటీఈలో మూడు సెకన్లకు మించి మౌనంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది. ఎవరు ఏం చేశారో ముందు చెప్పేయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్నవి తర్వాత కలుపుకోవచ్చు.

రెండోది, యాస మీద బెంగ. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమాన మార్కులు. అమెరికన్ యాస రావాలన్న రూలే లేదు, చెప్పింది స్పష్టంగా అర్థమైతే చాలు. లేని యాస తెచ్చిపెట్టుకుంటే ఉన్న స్పష్టత కూడా పోతుంది. సరిచేసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బస్సు, రోడ్డు, కారు అని చివర 'ఉ' చేర్చడం మన అలవాటు, ఇంగ్లిష్‌లో అది తీసేయాలి. 'వెస్ట్' అనే ఒకే తెలుగు మాట ఇంగ్లిష్‌లో రెండు మాటలు. దిక్కు అనే అర్థంలో పెదాలు గుండ్రంగా చుట్టాలి, బనియన్ అనే అర్థంలో పై పళ్లు కింది పెదవికి తగలాలి.

మూడోది, ఇంటి నుంచి తెచ్చుకునే వ్యాకరణం. 'మైసెల్ఫ్ రవి', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్', 'డిస్కస్ అబౌట్'. మన మధ్య ఇవి చెల్లిపోతాయి, పరీక్షలో మార్కులు పోతాయి. 'ఐ యామ్ రవి', 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' అంటే సరిపోతుంది. 'డిస్కస్' పక్కన 'అబౌట్' అక్కర్లేదు.

నాలుగోది, ఒక్క వాక్యంతో జవాబు ముగించడం. మీ ఊరి గురించి అడిగితే 'ఇట్ ఈజ్ గుడ్' అని ఊరుకుంటాం. గోస్తనీ నది గురించి, మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు గురించి, అందులో పనిచేసిన తాతయ్య గురించి చెప్పొచ్చు కదా! మీ అభిప్రాయం తప్పా ఒప్పా అని అక్కడెవరూ చూడరు. దాన్ని ఎలా చెప్పారన్నదే చూస్తారు.

రోజుకు ఇరవై నిమిషాలు

ఫోన్‌లో ఇంగ్లిష్ వార్తలు పెట్టి, ఒక్కో వాక్యం దగ్గర ఆపి, తిరిగి చెప్పండి. పది నిమిషాలు చాలు. తర్వాత ఏదో ఒక టాపిక్ మీద ఏమీ రాసుకోకుండా నిమిషం మాట్లాడి రికార్డ్ చేసుకోండి. విని, ఎక్కడెక్కడ ఆగారో లెక్కపెట్టండి. మర్నాడు అదే టాపిక్ మళ్లీ చెప్పండి, కానీ అవే మాటలతో వద్దు. మొదటి రికార్డింగ్ వినడానికి సిగ్గేస్తుంది. నాకూ వేసింది.

ఫస్టియర్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో మా బ్యాచ్ చాలావరకు రికార్డు రాసి సంతకం పెట్టించుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడిన రోజులు తక్కువే. మీ కాలేజీలోనూ అదే పరిస్థితైతే, ల్యాబ్ తాళం తీయించమని అడగండి. అది మీరు కట్టిన ఫీజులోదే. డ్రైవ్ తేదీ వచ్చాక మొదలుపెడితే మళ్లీ బట్టీయే దిక్కవుతుంది. ఈ రాత్రే ఒక్క నిమిషం మాట్లాడి చూడండి.